అట్టడుగు పలక

దూదత్త కూర్చుని పరుపులు కుట్టే పలకకి రెండు చివర్లా ఇనుప రింగులున్నాయి. కూర్చునే పీటకి రింగులెందుకని, మొదటిసారి పరుపు కుట్టించుకోవడానికి వెళ్ళినప్పుడు అడిగాను. ఆమె సూది ఆపలేదు.

"అది పీట కాదు నాయనా, తలుపు. తలుపులో ఒక ముక్క. దాని అసలు ఉద్యోగం వేరే ఉంది. సెలవుల్లో నన్ను మోస్తుంది," అంది.

పక్కనే దూది ఏకే మిషను ఆపి కనుబొమల మీది నూగు దులుపుకుంటున్న ఆమె భర్త, "పాపం, సెలవుల్లో కూడా దానికి బరువు పనే," అన్నాడు.

"మీరు మిషను తిప్పండి."

ఆయన తిప్పాడు.

తర్వాత పరుపు పని ఉన్నా లేకపోయినా ఆ గుమ్మంలో కూర్చోవడం నాకు అలవాటైంది. ఒక్క మాట అడిగితే చాలు, ఆమె దూది విప్పినట్టు విషయాన్ని విప్పి, పొర మీద పొర పేర్చి చెప్పేది. ఇక్కడ రాస్తున్నది అలా విన్నదే. కొంత ఆమె చెప్పింది. కొంత, ఆమె చెబుతుండగా దారిన పోతూ ఆగి, "అలా కాదు గదత్తా" అని సరిదిద్దినవాళ్ళు చెప్పింది.

ఆ వీధి మొత్తం ఏటవాలు. పైకొసన రిటైరైన డ్రైవర్ తాతయ్య ఇల్లు. మధ్యలో లాండ్రీ. దానికి దిగువన వడ్రంగి షెడ్డు. అన్నిటికన్నా కింద దూదత్త ఇల్లు. ముందు గదిలో మిషను, పలక, కుట్టిన పరుపుల దొంతర. వెనక గదిలో దూది బేళ్ళు, వాటి పక్కనే వంటపొయ్యి. వెనకగోడ దాటితే రాళ్ళగుంత. ఒకప్పుడు వీధిలో ఇళ్ళన్నిటికీ రాయి తవ్వింది అక్కణ్ణుంచే. "రాయి తీసుకెళ్ళి ఇళ్ళు కట్టుకున్నారు, గొయ్యి మాత్రం మా వాటాకి వదిలారు," అంటుంది దూదత్త.

వీధిలో పడ్డ వాన చుక్క మిగలకుండా పక్క కాలవ వెంట వచ్చి ఆ గుంతలోనే పడుతుంది. గుంతకి అవతలిగోడలో, మనిషి వంగి దూరేంత దారి ఒకటుంది. దాంట్లోంచి నీళ్ళు వాగులోకి వెళ్ళిపోతాయి. ఆ దారికి రెండు పక్కలా రాతిలో నిలువు గాళ్ళు తొలిచి ఉన్నాయి. ఆ గాళ్ళలోకి పలకలు ఒకదాని మీద ఒకటి దింపితే నీళ్ళు ఆగి గుంత నిండుతుంది. పలకలు తీసేస్తే ఖాళీ అవుతుంది.

నింపాలా, ఖాళీగా ఉంచాలా? తిరకాసంతా అక్కడే. ఎండాకాలం వస్తే కుళాయిలు తాగడానికి మాత్రం నీళ్ళిస్తాయి. ఉతకడానికి, కడగడానికి, తానాలకి వీధి మొత్తానికి ఆ గుంతే దిక్కు. కాబట్టి అది నిండాలి. కానీ తొలకరి వానలు అక్కడ వానలా రావు, దండయాత్రలా వస్తాయి. కొండ వెనక నుంచి గాలితో కలిసి మీదపడి, ఉన్నదంతా ఒక్క పూటలో కుమ్మరించి పోతాయి. ఆ నీళ్ళని మింగడానికి గుంత ఖాళీగా ఉండాలి. నిండుకుండలో ఇంకో కుండ పోస్తే ఏమవుతుంది? పొర్లుతుంది. పొర్లితే ముందు దూదత్త ఇంట్లోకే.

అందుకని ఆ వీధివాళ్ళు ఎప్పటినుంచో ఒక పద్ధతి పెట్టుకున్నారు. పలకలన్నీ ఒకచోట ఉండవు, ఇంటికొకటి ఉంటుంది. అందరూ ఒప్పుకుని తలా ఒకటి పట్టుకొస్తేనే ఆ దారి మూతపడుతుంది. మిగతా రోజుల్లో ఎవరి పలక వాళ్ళ ఇష్టం. లాండ్రీలో దాని మీద గుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తారు. డ్రైవర్ తాతయ్య గోడకి బిగించి మందుసీసాలు పెట్టుకున్నాడు. వడ్రంగి దాని మీదే చెక్కలు చిత్రిక పడతాడు. మిగతా పలకలు ఏ వరసలో వేసినా పరవాలేదు. అట్టడుగుది మాత్రం దూదత్త ఇంట్లోదే కావాలి. దాని కింది అంచు దారి గడపరాయికి సరిగ్గా కూర్చునేలా చెక్కి ఉంది. అది లేకుండా ఎన్ని పలకలు వేసినా కిందనుంచి నీళ్ళు పారిపోతాయి.

ఆ పలకని ఆమె చేతిలో పెట్టింది వాళ్ళత్తగారు. ఆవిడంటే దూదత్తకి ప్రేమేమీ లేదు. "బతికున్నన్నాళ్ళూ నా కుట్టు వంకరంది. పోయే ముందు కూడా పడుకున్న పరుపు తడిమి చూసి వంకరనే అంది," అని ఇప్పటికీ ఉడుక్కుంటుంది. కానీ ఆవిడ చెప్పిన ఒక్క మాట మాత్రం పొల్లుపోకుండా చెబుతుంది.

"అందరూ వచ్చి అడిగినప్పుడు ఇవ్వకు. ఎవరూ అడగనప్పుడు నువ్వే మోసుకెళ్ళు."

"అదేం లెక్కమ్మా?" అన్నాన్నేను.

"నాకూ అప్పుడు అర్థం కాలేదు. ముసలావిడ చాదస్తమనుకున్నా. ఆ ఏడు తెలిసింది."

ఆ ఏడు ఎండ అలాంటిలాంటిది కాదు. అంతకు ముందు మలివానలు మొహం చాటేసి, గుంత సగం కూడా నిండలేదు. ఎండ ముదిరేసరికి అడుగున బురద నెరలు విచ్చింది. అందరికన్నా ఎక్కువ దెబ్బ తగిలింది లాండ్రీ కోడలికి. వాళ్ళత్త పోయాక కొట్టు తన మీద వేసుకుని నడుపుతోంది. నీళ్ళు లేని లాండ్రీ అంటే నిప్పు లేని పొయ్యి. వచ్చినవాళ్ళ బట్టలు మూటలు విప్పకుండానే తిరిగిచ్చేసి, షట్టరు దించి, మెట్ల మీద ఊరికే కూర్చునేదట. ఖాళీగా కూర్చోవడం చేతకాని పిల్ల అలా కూర్చుంటే చూడలేకపోయానని దూదత్తే చెప్పింది.

ఆ తర్వాత తొలకరి దిగింది. మొదటి వాన ఒక గంట దంచి పోయింది. వీధంతా గుమ్మాల్లోకొచ్చి నిలబడింది. కాలవ నిండుగా పరిగెత్తి గుంతలోకి దూకింది. అక్కణ్ణుంచి ఎర్రగా, నురగలు కక్కుతూ వాగులోకి పోయింది. ఎండంతా చుక్క కోసం ఏడ్చినవాళ్ళ కళ్ళముందే అన్ని నీళ్ళు పోతుంటే ఎవరి కడుపు మండదు?

సాయంత్రానికి అందరూ పలకలు భుజాన వేసుకుని దూదత్త గుమ్మం ముందుకొచ్చారు. ఆమె పలక మీద కూర్చుని పరుపు అంచు కుడుతోంది.

"వదినా, లే," అన్నాడు వడ్రంగి. ఆమె భర్తకి పినతల్లి కొడుకతను. ఆమెకి వరసకి మరిది. చేతిలో పనితనం ఉంది, నోట్లో తొందర ఉంది.

"ఎందుకూ?"

"నువ్వు కూర్చున్నదాంతో పని పడింది."

"నాకూ దాంతోనే పని. ఇది తొలకరి మరిదీ. ఇప్పుడు మూయకూడదు. ముసురు పట్టాక అడగండి, పరిగెత్తుకొచ్చి ఇస్తా."

"పోయినేడు ముసురు పట్టిందా అత్తా?" లాండ్రీ కోడలు ముందుకొచ్చింది. "అప్పుడూ ఇదే మాటన్నావు. ముసురు కోసం ఆగాం. అది రానే లేదు. నేను కొట్టు మూసుకుని కూర్చున్నా. ఈసారీ రాకపోతే?"

ఆ ప్రశ్నకి దూదత్త దగ్గర జవాబు లేదు. లేదని నాతోనూ ఒప్పుకుంది. "రాదని ఆ పిల్ల అనలేదు, రాకపోతే అంది. దానికేం చెప్తాం? వాన రాకడా ప్రాణం పోకడా ఎవరికెరుక?" కానీ ఆ రోజు మాత్రం పలక మీంచి అంగుళం కదల్లేదు.

"ముసురు రాకపోతే ఎండాకాలం కష్టపడతాం. పోయినేడు పడలేదూ? చచ్చామా? ఇప్పుడు మూసి, రేపో ఎల్లుండో ఆ కొండ వెనక నుంచి పెద్దది దిగిందనుకో, కష్టపడటానికి ఇళ్ళుండవు."

వెనకనుంచి డ్రైవర్ తాతయ్య గొంతు సవరించుకున్నాడు. "ఊరికే ఇల్లూ వాకిలీ అంటావేంటమ్మాయ్? నీ దూది తడుస్తుందని భయం. ఆ ముక్క చెప్పు చాలు."

కొందరు నవ్వారు. దూదత్త సూది గుడ్డలో గుచ్చి తలెత్తింది.

"అవును, నా దూది కోసమే. సిగ్గుపడతాననుకున్నావా తాతయ్యా? నీ ఇల్లు ఎక్కడుంది? ఆకాశానికి అద్దె కట్టేంత ఎత్తులో. నువ్వు తడవాలంటే కిటికీలోంచి చెయ్యి బయట పెట్టాలి. ఈ వీధిలో మొదట మునిగే ఇల్లు నాది. అందుకే అట్టడుగు పలక అట్టడుగు ఇంట్లో పెట్టారు పెద్దవాళ్ళు. మొదట మునిగేవాళ్ళదే మొదటి మాట. ఇవ్వను. చేతనైతే నాతో కలిపి మోసుకెళ్ళండి."

"అంత మంది ఎక్కడ దొరుకుతారే?" అన్నాడు లోపల్నుంచి ఆమె భర్త.

దానికి మళ్ళీ నవ్వారు. దూదత్త నవ్వలేదు. నవ్వుతూనే గొణుక్కుంటూ జనం వెళ్ళిపోయారు. లాండ్రీ కోడలు మాత్రం నవ్వకుండా వెళ్ళింది.

వడ్రంగికి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు. మర్నాడు షెడ్డులోంచి రంపం చప్పుడు, ఆ పై నాడు సుత్తి చప్పుడు. తర్వాత నలుగురు మనుషులు ఒక తలుపుని మోసుకుంటూ దూదత్త ఇంటి ముందు నుంచే గుంతవైపు వెళ్ళారు. కొత్త చెక్క, ఇంకా పసుపుపచ్చగా మెరుస్తోంది. అడుగునుంచి పై దాకా ఒకటే ముక్కలా కనబడే అతుకులు. తన వాటా పాత పలకని కూడా కోసి ఆ తలుపుకి వెనక పట్టీలుగా కొట్టేశాడు.

"చూడు వదినా," అన్నాడు ఆగి. "ఇక ఇంటింటికీ తిరిగి బతిమాలే పని లేదు. పాత పలకలు జల్లెడలా కారేవి. ఇది చుక్క కారితే నా చెవి కోసిస్తా."

దూదత్త లేచి వచ్చి తలుపుని తడిమి చూసింది. నునుపుగా ఉంది. అంచులు గాడికి వెంట్రుక సందు లేకుండా సరిపోయేలా చెక్కి ఉన్నాయి.

"ఇంత బిగువా?"

"బిగువుగా ఉంటేనే కదా పని."

"మనుషులకి చేసే తలుపు చేశావు మరిదీ. నీళ్ళకి చేసేది ఇలా ఉండదు. పలకలైతే ఒక్కోటీ కొక్కెంతో లాగొచ్చు. దీన్ని ఎవరు లాగుతారు, గుంతెడు నీళ్ళు ఆనుకుని ఉంటే?"

"నలుగురం దింపుతాం, నలుగురం లాగుతాం."

దూదత్తకి మాటలు కరువా? వీధి మధ్యలో నిలబడి అందర్నీ పేరుపేరునా ఏకిపారేసింది. వినేవాళ్ళు లేరు. మర్నాడు పడ్డ వానకే గుంత సగానికి వచ్చింది, దాని తర్వాతి వానకి నిండింది. నిజంగానే చుక్క కారలేదు. లాండ్రీ షట్టరు లేచింది. తాళ్ళ మీద తెల్ల దుప్పట్లు జెండాల్లా ఎగిరాయి. డ్రైవర్ తాతయ్య పనిగట్టుకుని కిందిదాకా నడిచొచ్చి, నిండిన గుంతని చూసి, దూదత్త ఇంటివైపు తిరిగి మీసం దువ్వుకుని వెళ్ళాడు.

ఆమె చెబుతూ ఇక్కడిదాకా వచ్చేసరికి, భర్త మిషను ఆపి తన ముక్క చెప్పాడు. "బేళ్ళు అటక మీదికి ఎక్కిద్దామన్నా. రెండుసార్లు చెప్పా."

"చెప్పారు," అంది దూదత్త.

"ఏమందో అడగండి."

"నేనే చెబుతా. సామాను సర్దానంటే ఆ తలుపుని ఒప్పుకున్నట్టే అన్నా. నేల మీద పెట్టిన దూది నేల మీదే ఉంటుంది, కావాలంటే వాళ్ళ తలుపే లేచిపోవాలి అన్నా. సరేనా?"

"సరే," అని ఆయన మళ్ళీ మిషను తిప్పాడు. ఆమె కుట్టు కాసేపు వేగంగా సాగింది.

పెద్ద వాన పట్టపగలే వచ్చింది. పొద్దున్న ఎండ కాసింది కూడా. కొండ వెనక ఆకాశం ఇంగువ ముద్దలా నల్లబడటం ముందు లాండ్రీ కోడలు చూసి దుప్పట్లు లాగేసుకుంది. ఆఖరి దుప్పటి తీసేలోపే చినుకు పడింది. చినుకని పిలవడానికి ఇంకో మాట లేక చినుకంటున్నా గానీ, అది గులకరాయి. వీధి తెల్లగా అయిపోయి ఎదురిల్లు కనబడలేదు. కాలవ ఒడ్డు దాటి మెట్లెక్కింది.

గుంత అప్పటికే నిండుగా ఉంది. వచ్చిన నీళ్ళకి పోయే చోటు లేదు. తలుపు పై అంచు మీంచి పల్చగా జారుతున్నాయి గానీ, వచ్చేదాంట్లో అదెంత? వడ్రంగి, మరో ముగ్గురు గుంత అవతలిగోడ మీదికెక్కి తలుపు రింగులకి గొలుసులు తగిలించి లాగారు. కదల్లేదు. గునపం పెట్టి ఎత్తారు. గునపం వంగింది. కొత్త చెక్క నీళ్ళు తాగి ఉబ్బి, రాతి గాళ్ళలో మేకులా బిగుసుకుపోయింది. దానికి తోడు గుంత బరువంతా దాని మీదే.

దూదత్త ఇంట్లోకి వెనకగోడ వైపునుంచి నీళ్ళొచ్చాయి. ముందు పొయ్యి దగ్గర, తర్వాత బేళ్ళ కింద. భార్యాభర్తలు ఒక బేలు ఎత్తి పరుపుల దొంతర మీద పెట్టారు. రెండోదానికి చేతులు వేస్తుండగా బయట అరుపులు వినబడ్డాయి. దూదత్త వెనక తలుపు తీసి చూసింది. గోడ మీద వడ్రంగి బోర్లా పడుకుని, తల కిందికి వేలాడేసి, చేతిలో రంపంతో తలుపు పై అంచు అందుకోవాలని చూస్తున్నాడు. అందడం లేదు. ఇంకొంచెం వంగితే మనిషి నీళ్ళలోకే.

ఆమె బేలు వదిలేసింది. పరుపు గుడ్డ తాను ఒకటి చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

"మరి దూదో?" అన్నాడు భర్త.

"తడవనీ. మీరూ రండి."

దట్టమైన పరుపు గుడ్డని మెలిపెట్టి తాడు చేసి వడ్రంగి నడుముకి రెండు చుట్లు చుట్టింది. ఆ చివర భర్త పట్టుకున్నాడు, ఆయన వెనక తను. లాండ్రీ కోడలు పరిగెత్తుకొచ్చి ఆమె వెనక పట్టుకుంది. తర్వాత ఎవరెవరు పట్టుకున్నారో ఆమె చూడలేదు.

"కిందికి దిగు. పట్టుకున్నాం."

"వదినా, జారితే…"

"నిన్ను వదిలేస్తే ఎవర్ని తిట్టాలి నేను? దిగు!"

దిగాడు. తను అంత శ్రద్ధగా అతికిన తలుపుని పైనుంచి నిలువుగా కోయడం మొదలుపెట్టాడు. ఎడమ గాడి పక్క ఒక కోత, కుడి గాడి పక్క ఒక కోత. సుత్తితో కొడితే పైముక్క ఊడి కొట్టుకుపోయింది. మళ్ళీ కోత, మళ్ళీ దెబ్బ. తలుపుగా చేసినదాన్ని పలకలుగా విడగొడుతున్నాడు. కొంత దూరం పోయాక ఇక రంపం అక్కర్లేకపోయింది. మిగిలినదాన్ని నీళ్ళే పీకి పారేశాయి. వాగువైపు ఏనుగు ఘీంకరించినంత చప్పుడైంది. అందరూ కలిసి ఒక్క ఊపున లాగి వడ్రంగిని గోడమీద పడేశారు. ఏడుస్తున్నాడో, మొహం మీద వాన నీళ్ళో తెలియలేదు.

దిగువ వరస ఇళ్ళన్నిట్లోకి మోకాళ్ళ దాకా వచ్చిన నీళ్ళు సాయంత్రానికి దిగిపోయాయి. మనుషులకేం కాలేదు. దూదత్త ఇంట్లో మాత్రం ఒక్క బేలు తప్ప అన్నీ తడిసి ఉబ్బి, గది నిండా పడుకున్న గేదెల్లా ఉన్నాయి. మర్నాటి నుంచి లాండ్రీ తాళ్ళ మీద, మేడల మీద, కిటికీ కమ్మీల మీద, ఎక్కడ చూసినా దూదే. అడక్కుండానే లాండ్రీ కోడలు గుప్పెడు గుప్పెడుగా నీళ్ళు పిండి ఆరేసింది. సగం పనికొచ్చింది, సగం కుళ్ళింది.

వడ్రంగి చాలా రోజులు ఆ గుమ్మం ముందు నుంచి నడవలేదు, చుట్టు తిరిగి వెళ్ళేవాడు. చివరికి దూదత్తే షెడ్డుకి వెళ్ళింది.

"తప్పైంది వదినా."

"తప్పు సంగతి తర్వాత. తలుపు మాత్రం బాగా చేశావు, ఉన్న మాట చెప్పాలి. చుక్క కారలేదు, నా ఇంట్లోకి తప్ప."

ఇక్కడితో అయిపోతే, మొండి ఆడమనిషి మాట నెగ్గిందని చెప్పి ఊరుకునేవాణ్ణి. నాకు దూదత్త నచ్చింది ఆ తర్వాత జరిగినదానికి.

తొలకరి పోయింది. నడుమ కొన్నాళ్ళు ఎండలు కాశాయి. ఖాళీ గుంత అడుగున రాళ్ళు తేలాయి. ఆ తర్వాత ఒక ఉదయం గాలి లేకుండా, ఉరుము లేకుండా మబ్బు ఇళ్ళ కప్పుల మీదికి దిగి కూర్చుంది. సన్నటి తుంపర మొదలైంది. మధ్యాహ్నానికీ అదే తీరు, మర్నాటికీ అదే తీరు. పిల్లలు బయటికి పోవడానికి లేక ఇంట్లో పోట్లాడుకునే వాన.

దూదత్త కొంగు నెత్తిన కప్పుకుని పైకొస దాకా ఇంటింటికీ తిరిగింది. "ముసురు పట్టింది. పలకలు పట్టుకురండి."

ఒక్కరూ తేలేదు.

"చెయ్యి కాలిన చోటే మళ్ళీ పెట్టమంటావా అమ్మాయ్?" అన్నాడు డ్రైవర్ తాతయ్య. నీళ్ళు ఆయన ఇంటి చుట్టుపక్కలకి కూడా రాలేదు. భయం మాత్రం అందరికన్నా ఆయనకే ఎక్కువ పట్టుకుంది. "అప్పుడు వద్దని కూర్చున్నదీ నువ్వే, ఇప్పుడు కావాలని తిరిగేదీ నువ్వేనా? ఒక మాట మీద నిలబడవేం?"

"వాన ఒక మాట మీద నిలబడిందా? అది గుద్దేవాన, ఇది నిమిరే వాన. గుద్దేవాడికి తలుపు తీసి పక్కకి తప్పుకోవాలి. నిమిరేవాణ్ణి కూర్చోబెట్టి మర్యాద చేయాలి. ఇద్దరికీ ఒకటే మాట చెప్పేదాన్ని మొండిదంటారు తాతయ్యా. నేను మొండిదాన్ని కాను."

ఆయన పలక మీది మందుసీసాలు ఒకసారి సర్దుకున్నాడు.

లాండ్రీలో కోడలు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి పలక మీద రెండు చేతులూ వేసింది, ఎవరో లాక్కుంటారన్నట్టు. "నాకింకా ఆ చప్పుడు చెవుల్లోనే ఉందత్తా. ముసురే అనుకుని మూశాక, ఇది కూడా పెద్దదైతే?"

పలక అడిగిన రోజున ఆ పిల్ల వేసిన ప్రశ్నే, తిరగబడి వచ్చింది.

"అయితే మొదట మునిగేది ఎవరు?"

"నువ్వే."

"నాకు లేని భయం నీకెందుకే?" అని బయటికి వచ్చేసింది.

ఇంటికొచ్చి, పలక మీది గుడ్డ పీలికలు దులిపి, "ఆ చివర పట్టుకోండి," అంది భర్తతో. ఇద్దరూ దాన్ని మోసుకెళ్ళి గోడ మీంచి గాళ్ళలోకి దింపారు. అది గడపరాయి మీద టక్కున కూర్చుంది. దూదత్త నెత్తిన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని గోడమీద కూర్చుంది. ఆయన పక్కనే కూర్చున్నాడు.

ఒక్క పలక ఎంత ఆపుతుంది? పాదం మునిగేంత నీళ్ళు నిలబడ్డాయి. ఆ పైన వచ్చినవన్నీ పలక అంచు మీంచి జారి వాగులోకి పోతున్నాయి. పిల్లలు కాలవలో మట్టితో కట్టే ఆనకట్టలా ఉందట. పైనుంచి ఎవరో, "అత్తయ్య చేపలు పడుతోందోయ్!" అని అరిచారు.

"పడితే నీకు తోక కూడా పెట్టను!" అని అరిచింది ఆమె.

మధ్యాహ్నం అయింది. ఇంకెవరూ రాలేదు. "ఇంటికి పోదామా?" అని భర్త ఒక్కసారే అడిగాడు. ఆమె గోడమీంచి దిగలేదు. ఆయన లేచి వెళ్ళి, ఇంట్లోంచి రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చి మళ్ళీ పక్కనే కూర్చున్నాడు. టీలో వాన పడింది.

లాండ్రీ పెరటి కిటికీలోంచి చూస్తే గుంత, ఆ నీళ్ళ దారి కనబడతాయి. లోపల కోడలు ఇస్త్రీ చేస్తూనే ఉంది గానీ, కళ్ళు అటే పోతున్నాయట. దూదత్తని చూసి కాదు. పలక అంచు మీంచి జారిపోతున్న నీళ్ళని చూసి. తేటగా, తొందర లేకుండా, ఎవరికీ అక్కర్లేనట్టు పోతున్నాయి. "మెట్ల మీద కూర్చున్న రోజులన్నీ కళ్ళముందే అలా కారిపోతున్నట్టనిపించింది," అని తనే నాతో చెప్పింది. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకి, పలక మీది గుడ్డ తీసి, దాన్ని నెత్తిన పెట్టుకుని గుంత దగ్గరికి నడిచింది.

దూదత్త పట్టా అంచు ఎత్తి పట్టుకుంది. జరిగి చోటిచ్చింది.

రెండో పలక దిగడం వీధి చూసింది. ఇక ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, తిట్టుకుంటూనే. డ్రైవర్ తాతయ్య తన మందుసీసాలు ఎక్కడ సర్దుకోవాలని సణుగుతూ తెచ్చాడు. చీకటి పడబోతుండగా ఒక్క ఖాళీ మిగిలింది. వడ్రంగి వాటాది. దాన్ని కోసి పట్టీలు చేసేశాడు కదా, ఆ పట్టీలు వాగులో ఎటు పోయాయో!

వడ్రంగి ఆఖర్న వచ్చాడు. చంకలో కొత్త పలక. దగ్గరికొచ్చాక చూస్తే కొత్తది కాదు. ఆ రోజు వాగులో కొట్టుకుపోయిన తలుపు ముక్కే, ఎక్కడో రెల్లులో చిక్కుకుంటే ఏరుకొచ్చి, ఇన్నాళ్ళూ షెడ్డులో నీడన ఆరబెట్టి, చిత్రిక పట్టాడు.

"ఈసారి గాడికి వదులుగా చేశా వదినా," అన్నాడు తల దించుకుని. "కారుతుంది."

"ఎంత కారుతుంది?"

"నువ్వు తిట్టేంత."

ఆమె దాన్ని వెలుతురుకి ఎత్తి అంచులు చూసింది. తడిమింది. "ఇంకొంచెం వదులైనా పరవాలేదు గానీ, దించు," అంది.

నేను చివరిసారి వెళ్ళినప్పుడు కూడా ముసురే. దూదత్త వెనక గదిలో గోడవారగా నేల మీద చాప వేసుకుని, నడుం వంచి పరుపు కుడుతోంది. పలక లేదు. బేళ్ళు అటక మీద ఉన్నాయి. నేను అటక వైపు చూడటం ఆమె చూసింది.

"అది ఆయన పని. నేనేం ఒప్పుకోలేదు," అంది.

"నడుం నొప్పి రావడం లేదా అమ్మా, నేల మీద?"

"వస్తుంది. పలక ఉద్యోగానికెళ్ళింది, ఎండలు ముదిరేదాకా రాదు."

"దానికి హాయిగా ఉండి ఉంటుంది," అన్నాడు భర్త. "గుంతెడు నీళ్ళే కదా ఇప్పుడు మోయాల్సింది."

ఆమె దారపు ఉండ తీసి ఆయన మీదికి విసిరింది. అప్పుడే పైనుంచి వాన కాస్త గట్టిపడింది. వీధి పైకొసన కిటికీ తెరుచుకున్న చప్పుడు, వెంటనే డ్రైవర్ తాతయ్య కేక వినబడ్డాయి. "అమ్మాయ్! వాన పెరుగుతోంది! పై పలక ఒకటి తీసేద్దామా?"

దూదత్త లేవలేదు. ఒక చెయ్యి వెనక్కి చాపి, వెనకగోడ అడుగున నేలని తడిమింది. పొడిగా ఉంది. సూది మళ్ళీ చేతిలోకి తీసుకుని, వీధి మొత్తానికి వినబడేలా అరిచింది.

"ముందు నా ఇల్లు తడవనీ తాతయ్యా, అప్పుడు అడుగు!"